గరుడ గద్ద రాని ఆదివారం

కళింగపట్నం రేవు చుట్టుపక్కల ఎన్ని రకాల పిట్టలుంటాయో నాకు ఒక్క రోజులో తెలిసిపోయింది. సరదాకి చూసినవి కావు. ఒకపక్క ఆకలి, ఇంకోపక్క మధ్యాహ్నం బస్సు బెంగ. మెడ పట్టేసేదాకా ఆకాశంలోకి చూశాను. మేం చూడాల్సింది ఒక్క పిట్టని. అదొక్కటీ తప్ప సముద్రం మీదున్నవీ, ఏటి మీదున్నవీ అన్నీ వచ్చి కనపడి పోయాయి.

అరవైల చివరి మాట ఇది. మేనత్త కొడుకుని చేసుకున్నాను కాబట్టి మా అత్త నాకు పుట్టినప్పటి నుంచీ అత్తే. పెళ్లయ్యాక కొత్తగా భయపడ్డం నాకు చేతకాలేదు, కొత్తగా గారం చెయ్యడం ఆవిడకీ చేతకాలేదు. ఇద్దరం ఒకరినొకరు విసుక్కుంటూనే కాపరం నడిపేవాళ్లం. రేవుకి ఓడలు రావడం అప్పటికే మానేశాయి. గిడ్డంగుల తాళాలు ఉప్పుగాలికి తుప్పట్టి తలుపులతో కలిసిపోయాయి. మా బావకి, అంటే మా ఆయనకి, రేవు దారిలో చిన్న కొట్టుండేది. కిరసనాయిలు, తాళ్లు, బెల్లం, చుట్టలు, బీడీలు అమ్మేవాడు. బేరమంతా పడవల వాళ్లదే.

నాకు పెళ్లయి నాలుగేళ్లు దాటినా కడుపు పండలేదు. ఆ ఏడు మాఘమాసంలో అత్త ఒక మొక్కు పట్టింది. ఆదివారం నాడు తలారా స్నానం చేసి, గరుడ పక్షిని చూసేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. చూశాక చిక్కుడాకుల్లో సూర్యుడికి పరమాన్నం పెట్టి అప్పుడు తినాలి. ఆవిడ తినేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. అన్నిటికంటే చిక్కు ఏమిటంటే, ఆవిడ ఉపవాసంతో ఉండగా ఇంట్లో మనిషి ఎవరూ ఊరి పొలిమేర దాటకూడదు. ఇదంతా వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతట. నేనేమనగలను? మొక్కు నాకోసం. నాకోసం పస్తులుండే మనిషితో నాకు ఆకలేస్తోందని చెప్పుకోడానికి కూడా లేదు.

గరుడ పక్షి అంటే ఏ దేశాన్నుంచో రావాలనుకోకండి. తెల్లతల గద్ద. తల, మెడ, రొమ్ము తెల్లగా ఉంటాయి, మిగతా ఒళ్లంతా కాల్చిన ఇటుక రంగు. మామూలు నల్ల గద్దలు ఊళ్లో ఎక్కడైనా తిరుగుతాయి గానీ ఇది నీళ్లని ఒదిలి దూరం పోదు. పడవలు ఒడ్డుకి చేరి, వలలు దులిపి, ఆడవాళ్లు చేపలు ఏరుతుంటే వాళ్ల నెత్తి మీదే తిరిగేది. అందుచేత అంతకు ముందు ఆదివారాల్లో మొక్కు ఇట్టే తీరిపోయింది. అత్తా నేనూ రేవుకి వెళ్లేవాళ్లం. "అదిగోనమ్మా గరుత్మంతుడు!" అని చేపల ఆడవాళ్లు కేకేసేవారు. అత్త తలెత్తి చెంపలు వేసుకునేది. ఎండ ముదరకముందే మా పరమాన్నాలు, భోజనాలు అయిపోయేవి.

ఈ ఆదివారం కూడా అలాగే అయిపోతుందనుకున్నాం. నాకు అయిపోయి తీరాలి. ఎందుకంటే ముందురోజు సాయంత్రం వేరుశెనక్కాయల బేరగాడొకడు మా కన్నవారి దగ్గర్నుంచి కబురు తెచ్చాడు.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప ఖరగ్‌పూర్‌లో ఉండేది. దాని మొగుడు అక్కడ రైల్వేలో పని. మూడేళ్ల కింద వెళ్లింది, మళ్లీ చూడలేదు. కొడుకు పుట్టాడని విన్నాం, వాడినీ చూడలేదు. ఏదో పెళ్లికని వచ్చి, చీపురుపల్లి దగ్గర మా అమ్మావాళ్లింట్లో రెండు రాత్రులుండి, ఆదివారం సాయంత్రం బండికి తిరిగి వెళ్లిపోతోందట. "బండి ఆమదాలవలసలో ఆగుతాది. ప్లాట్‌ఫారం మీదకి చెల్లిని రమ్మన్నానని సెప్పు. గుంటడిని కిటికీలోంచి అందిస్తాను, ఒకసారి ఎత్తుకొని ఇచ్చీమను." ఇదీ కబురు. కబురు తెచ్చినవాడు దాని గొంతు కూడా పెట్టి చెప్పాడు. నాకు రాత్రంతా నిద్ర లేదు. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకి శ్రీకాకుళం వెళ్లి, అక్కణ్నుంచి ఇంకో బస్సెక్కితే పొద్దుగూకేలోపు ఆమదాలవలస చేరిపోతాం. ఆ బస్సు తప్పితే తర్వాతది రైలుకి అందదు.

తెల్లారి మంచు బాగా పట్టింది. అత్తా నేనూ తడిజుట్టుతో రేవుకి వెళ్లాం. మంచు లోపల్నుంచి పడవలు ఒక్కొక్కటే కనపడ్డాయి. అన్నీ ఇసక మీదే బోర్లించి ఉన్నాయి. ఒక్క వల తడవలేదు. మాకు రోజూ చేపలు వేసే ఆవిడ ఒక్కతే పడవ పక్కన కూర్చునుంది, కళ్లు వాచి ఉన్నాయి.

"ఏటే, ఈయేల పడవలు దిగనేదేటి?" అంది అత్త.

"దిగవమ్మా. మా తాత పోనాడు తెల్లారగట్ల."

"అయ్యయ్యో! ఏటైనాదే?"

"ఏటవుతాది, ముసిలోడు. రాత్రి సుట్ట కాల్సుకొని తొంగున్నాడు, మరి నెగనేదు. ఊరోల్లందరం సావుకే ఎల్తన్నాం. ఈయేల ఒక్కడూ గంగలో కాలెట్టడు."

అత్త ఆ ముసలాయన్ని తలుచుకుని కాసేపు బాధపడింది. నేనూ బాధపడ్డాను. పడుతూనే ఉన్నాను గానీ నా బుద్ధి ఇంకో దారిలో పోతోంది. పడవలు దిగకపోతే చేపలు లేవు, చేపలు లేకపోతే గద్దలు లేవు. ఆ మాటే అడిగేశాను.

"మరి గద్దలొస్తాయేటి?"

ఆవిడ నాకేసి వింతగా చూసింది. "సేపల్నేని కాడ గద్దలకేటి పనమ్మా?"

అత్త మాత్రం చీర కొంగు నెత్తిన కప్పుకుని ఇసకలో కూలబడింది. "వస్తాదిలే. అదేటి కూలి మనిషేటి, పనుంటేనే రాడానికి? కూకో."

కూర్చున్నాం. మంచు విడింది. సూర్యుడు పైకొచ్చాడు. అలలు వెనక్కి పోయినప్పుడల్లా బుల్లి బుల్లి పిట్టలు గుంపుగా నీళ్ల వెంట పరిగెత్తేవి, అల తిరిగొచ్చేసరికి చీరలెత్తుకుని పారిపోయే ఆడవాళ్లలాగ వెనక్కి పరిగెత్తేవి. ఇంకో రోజైతే నవ్వుకునేదాన్ని. ఇసక తిన్నె మీద తెల్లటి సముద్రపు కాకులు గాలికి ఎదురు తిరిగి వరసలో నిలబడ్డాయి, రేషను కొట్టు దగ్గర జనంలాగ. చీలిన తోకల పిట్టలు కొన్ని నీళ్ల మీద ఎగురుతూ ఎగురుతూ బాణంలాగ మునిగి లేచేవి. అత్త ఏ రెక్క చప్పుడు విన్నా నన్ను పొడిచేది.

"అదేటే?"

"కొంగత్తా."

"ఆ ఎల్తన్నాది?"

"కాకి."

"ఆ పెద్దదో? అల్లదిగో, పైన?"

"నల్ల గద్ద."

"మెడ తెల్లగ నేదా?"

"నేదు."

"బాగ సూడు."

"బాగనే సూసినానత్తా. నల్ల గద్దకి మెడ తెల్లగ ఎక్కడ్నుంచి వస్తాది, సున్నం పూస్తామేటి?"

"నోరు. పొద్దున్నే నోరు" అంది.

ఎన్నిసార్లు అడిగిందో. నన్ను పరీక్ష పెడుతోందనుకున్నాను. 'అదే గరుడ, దండం పెట్టు' అనేస్తే అయిపోతుంది కదా అని మీరడగొచ్చు. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మొక్కు ఎవరి మీద? నా కడుపు మీద. అబద్ధం చెప్పి ఆ బిడ్డని తెచ్చుకుంటే, వాడికి జలుబు చేసినా నా అబద్ధమే గుర్తొస్తుంది. ఆ ధైర్యం నాకు లేదు. అందుకని నిజం చెప్తూ, ఆ నిజం మీద మండిపడుతూ కూర్చున్నాను.

ఎండ ఎక్కాక, లైటుహౌసు దగ్గర ఉంటుందేమోనని అక్కడికి నడిచాం. అక్కడ పావురాలున్నాయి. పాత గిడ్డంగుల వెనక ఉంటుందేమోనని అక్కడికి వెళ్లాం. పగిలిన కిటికీలోంచి నేను లోపలికి తొంగి చూశాను. చీకట్లో దూలం మీద రెండు గుండ్రటి కళ్లు నాకేసి చూశాయి.

"ఏటున్నాదే లోపల?"

"గూబ."

అత్త మూడుసార్లు పక్కకి ఉమ్మింది. "గరుత్మంతుణ్ని ఎతకమంటే గూబని పట్టుకొస్తావేటే! నీ సూపు తగలెయ్యా."

"నానేటి దాన్ని పిలిసినానా? ఉన్నదాన్ని ఉన్నాదన్నాను."

"ఉన్నదల్లా సెప్పక్కర్లేదు."

అలా ఇద్దరం పోట్లాడుకుంటూ కొట్టు దగ్గరకి వచ్చేసరికి బావ తలుపు దగ్గరకి చేరేసి బయటే నిలబడున్నాడు. ఆయనకీ ఆకలే. ఆయనకీ బస్సు బెంగే. నన్ను తీసుకెళ్లాల్సింది ఆయనే.

"అవ్వనేదేటి ఇంకా?" అన్నాడు.

"అయితే ఇలాగుంటామేట్రా మొహాలేసుకొని?" అంది అత్త.

బావ లోపలికెళ్లి ఒక బుట్టతో వచ్చాడు. మమ్మల్ని రేవుకి తిరిగి తీసుకెళ్లి, పడవల మధ్య ఇసకలో బుట్ట బోర్లించాడు. ఎండు చేపలు. కొట్టులో అమ్మకానికి పెట్టినవి. అత్తకి వాసన తగలగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏట్రా ఇది?"

"గద్ద రావాలంటే సేపలుండాల గదా. ఇయ్యీ సేపలే."

"మొక్కు పూట గరుత్మంతుడికి ఎండు సేపలు ఎడతావేట్రా! బుద్ధున్నాదా?"

"అది తిననేదేటి? మొన్నటి వారం సేపల గంపలోంచి ఎత్తుకుపోతంటే నువ్వే గదా సెంపలేసుకున్నావు?"

"అది దానంతటది తిన్నాది. నువ్వు ఎర ఎడితే దర్శనమెలాగవుతాది, వేట అవుతాది."

ఈ ధర్మసందేహం తేలకముందే కాకులొచ్చాయి. ఒకటి చూసి ఇంకోదాన్ని పిలిచింది, అది ఊరినంతా పిలిచింది. వాటి వెనక నల్ల గద్దలు దిగాయి. కుక్కలొచ్చాయి. కాకులు గద్దల తోకలు లాగడం, గద్దలు కుక్కల్ని తన్నడం, కుక్కలు మా బావ మీద మొరగడం. చేప ఎత్తుకుపోతూ ఒక గద్ద అత్త నెత్తి మీంచి పోయింది, ఆవిడ తెల్లని తల మీద ఏదో జారవిడిచి మరీ పోయింది. అత్త మళ్లీ స్నానం చేయాల్సొచ్చింది. అంటే ఇంటికి వెళ్లి, నీళ్లు తోడి, తలంటి, తడిబట్ట మార్చి, మళ్లీ రావాలి. నేను నూతిలోంచి చేద లాగిన ప్రతిసారీ బస్సు ఒక అడుగు దగ్గరకొచ్చినట్టుండేది.

"నవ్వుతన్నావేటే?" అని అడిగింది నీళ్లు పోయించుకుంటూ.

"నానెక్కడ నవ్వుతన్నానత్తా. ఏడుపొస్తన్నాది."

అదే నిజం. ఆవిడ మొహం మీద పడ్డ జుట్టు పక్కకి తోసుకుంది. తర్వాత నీళ్లలోంచే అంది, "అది నాకూ మేనగోడలేనే. దాని గుంటడిని సూడాలని నాకు మాత్రం ఉండదేటి? ఏటి సెయ్యమంటావు, మొక్కుకున్నాను."

ఈ మాట అనకుండా ఉంటే నాకు కోపమన్నా మిగిలేది.

తిరిగి బయల్దేరుతుంటే ఆ చేపలావిడ చావింటి నుంచి వస్తూ ఎదురైంది. అంత దుఃఖంలోనూ మా సంగతి గుర్తుపెట్టుకుంది. "ఇంకా సూడనేదేటమ్మా? ఏరు సముద్రంలో కలిసేకాడ సూడండి. అక్కడ వల కట్టీ కర్రొకటి పాతీసున్నాది. దాని మీద కూకుంటాది ఒకోపాలి."

వంశధార సముద్రంలో కలిసే చోటుకి ఇసకలో నడవాలి. ఎండ నడినెత్తికొచ్చింది. బావ మమ్మల్ని పంపిస్తూ, "మీరెల్లండి. నాను బస్సుకాడుంటాను. డ్రైవరు నాకు తెలిసినోడే, మాటల్లో పెట్టి ఆపుతాను. బేగి రండి" అన్నాడు. అత్త ముందు, నేను వెనక. ఇసకలో కాళ్లు కూరుకుపోతున్నాయి. ఆవిడ కర్ర సాయంతో పడుతూ లేస్తూ నడుస్తోంది, ఒక్కోచోట నీటి గుంటలోకే అడుగేసేస్తోంది. "సూసుకోవత్తా" అంటే "నువ్వు పైకి సూడు, నా కాళ్ల సంగతి నాను సూసుకుంటాను" అంది.

ఏటి మొగ దగ్గరకి చేరేసరికి నేను నిలబడిపోయాను. అన్ని పిట్టల్ని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. గూడకొంగలు నీళ్ల మీద పడవల్లాగ తేలుతున్నాయి, గడ్డం కింద సంచులు వేలాడుతున్నాయి. కాషాయం రంగు బాతులు జంటలు జంటలుగా ఇసక మీద కూర్చున్నాయి. నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి, తీగ మీద తడి రవికెల్లాగ. ఎక్కణ్నుంచి వచ్చాయో, ఏ చల్లటి దేశం ఒదిలొచ్చాయో. నాకు వాటి మీద కూడా ఒళ్లు మండింది. ఇంత దూరం నుంచి ఇవన్నీ వచ్చాయి, ఉన్న ఊరి గద్ద రాలేదు.

అప్పుడు చూశాను. నీళ్ల మధ్య ఒంటరిగా నిలబడ్డ వల కర్ర మీద అది కూర్చునుంది. తెల్లటి తల, తెల్లటి రొమ్ము, ఇటుక రంగు రెక్కలు. ఎండలో మెరుస్తోంది. దానికి మా బాధేమీ పట్టలేదు. ముక్కుతో రెక్క సర్దుకుంటోంది.

"అత్తా! అదిగో! ఉన్నాది!"

"ఏదే? ఎక్కడే?" రెండు చేతులూ జోడించేసింది అప్పుడే.

"ఆ కర్ర మీద."

"ఏ కర్రే?"

"ఉన్నదొక్కటే కర్ర గదా, నీటి మధ్యన."

ఆవిడ మొహం ఆ కర్ర వైపు లేదు. చేతులు జోడించి గూడకొంగల వైపు చూస్తోంది. నేను ఆవిడ గడ్డం పట్టుకుని ఇటు తిప్పాను. కళ్లు చిట్లించింది. నీళ్లొచ్చేదాకా చూసింది. "నీళ్లు తెల్లగా అవుపిస్తన్నాయే. ఇంకేటీ అవుపడ్డం నేదు" అంది చిన్న గొంతుతో.

అప్పుడు నాకు పొద్దుట్నుంచీ జరిగినదంతా ఒక్కసారి బుర్రకెక్కింది. అదేటే, ఇదేటే, మెడ తెల్లగ నేదా, బాగ సూడు. నన్ను పరీక్ష పెట్టలేదు. ఆవిడకి కనపడలేదు.

"ఎన్నాళ్లయి ఇలాగున్నాది అత్తా?"

"దీపావళి దగ్గర్నుంచి పొగలాగుంటాది."

"మరి గడిసిన వారాలు ఎలాగ సూసినావు?"

"నెత్తిమీద తిరిగితే రెక్క నీడ తెలుస్తాది. ఆల్లు అదిగో అంతారు. సెంపలేసుకుంతాను."

"సెప్పొద్దేటి! కళ్లు అవుపడనోలు కళ్లారా సూసే మొక్కు ఎందుకు పట్టినావు?" ఆకలి, ఎండ, బస్సు, అన్నీ కలిసి అరిచేశాను. దగ్గరున్న కొంగలు లేచిపోయాయి. ఆ కర్ర మీదది మాత్రం కదల్లేదు.

"సెప్తే మొక్కు సెల్లదంతారని" అంది. "ఇంకే మొక్కూ మిగల్నేదే. అన్నీ అయిపోనాయి. ఇదొక్కటే మిగిలినాది."

ఆవిడ ఇసకలో కూలబడింది. పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక ఆవిడే కర్ర ఊతంతో లేచింది. "నువ్వు సూసినావా, నిజంగ?"

"సూసినాను."

"మెడ తెల్లగున్నాదా?"

"పాలలాగున్నాది."

"అయితే సెంపలేసుకో."

వేసుకున్నాను.

"మొక్కు నీకోసం. సూసింది నువ్వు. ఆ బగమంతుడు ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు, నేపోతే నాకు ఒకపూట అన్నం నేదనుకుంటాను. పద, బేగి పద, బస్సెల్లిపోద్ది."

అంతే, పొద్దుట్నుంచీ కదలని మొక్కు ఒక్క మాటతో కదిలిపోయింది. ఇదే మాట పొద్దున్న అని ఉంటే! కానీ పొద్దున్న ఎవరు అనగలరు? ఇసకలో సగం దారి వచ్చామో లేదో ఊరి వైపు నుంచి బస్సు హారను వినపడింది. ఒకసారి, ఇంకోసారి. మూడోది దూరంగా వినపడింది.

బావ కొట్టు ముందు తలొంచుకుని నిలబడున్నాడు. "రెండు గోలీ సోడాలు తాగించినాను ఆడికి. మూడోది ఒద్దన్నాడు. లోపల జనం తిడతన్నారు, ఇంకేటి ఆగుతాడు?"

నేను అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చాను. అత్త కొట్లోకి వెళ్లి తడుముకుని ఒక బెల్లం దిమ్మ తెచ్చింది. ఒక ముక్క తన నోట్లో వేసుకుంది, ఒక ముక్క నా నోట్లో కుక్కింది. పరమాన్నం లేదు, చిక్కుడాకూ లేదు. "ఉపాసం అయిపోనాది. ఊరు దాటొచ్చు. ఒరే, ఏదో బండి సూడు" అంది.

ఏటి ఒడ్డు పొలాల్లో చెరుకు ఎత్తుకుని ఆమదాలవలస పంచదార ఫ్యాక్టరీకి పోయే లారీ ఒకటి ఆ దారినే వచ్చింది. బీడీల కోసం మా కొట్టు ముందు ఆగింది. అత్తని కొట్లో ఒదిలి, బావ బీడీ కట్టతో పాటు నన్నూ ఎక్కించి తనూ ఎక్కేశాడు. నేను డ్రైవరు పక్కన ఇరుక్కుని, తలుపుకి అంటుకుపోయి కూర్చున్నాను. లారీ నడిచిందనడం కంటే దొర్లిందంటే బాగుంటుంది. గుంతొస్తే ఆగుతుంది, ఎద్దుబండి ఎదురైతే ఆగుతుంది, గార ఊరి దగ్గర టీకి ఆగింది.

"అన్నా, రైలుకి అందాల" అంటే డ్రైవరు నెమ్మదిగా, "సెరుకు రైలెక్కదు తల్లీ, దానికి తొందర్నేదు" అన్నాడు.

పొద్దు వాలేసరికి ఆమదాలవలస పొలిమేర చేరాం. అక్కడ ఫ్యాక్టరీ ముందు చెరుకు బళ్లు కనుచూపు మేరా బారులు తీరి ఉన్నాయి. ఎడ్లు విప్పేసి రైతులు పొయ్యిలు పెట్టుకుంటున్నారు. లారీ ఇంక కదలదు. దిగి పరిగెత్తాం. రోడ్డు మీద నుంచి చుట్టూ తిరిగి వెళ్తే గేటు దగ్గరకి వెళ్తాం, కానీ దూరం. పట్టాల పక్క నుంచి వెళ్తే దగ్గర దారి, ప్లాట్‌ఫారం వెనక కొసకి చేరుస్తుంది. బావ ఆ దారే పట్టాడు.

బండి నిలబడి ఉంది. ఒక్కో పెట్టెనీ చూసుకుంటూ పరిగెత్తాను. అందరూ తెలియని మొహాలే. ఎవరిదో కాలు తొక్కాను, ఎవరో తిట్టారు. గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. అప్పుడు మూడు పెట్టెల అవతల కిటికీలో మా అప్ప చెయ్యి కనపడింది. చెయ్యి చూస్తే చాలు, దాన్ని నేను గుర్తుపడతాను. తర్వాత తల బయటపెట్టింది. ముందువైపుకి, స్టేషను గేటు వైపుకి చూస్తోంది. నేను అటునుంచే వస్తాననుకుంది. ఒళ్లో పిల్లాడు, వాడి నెత్తి మీద ఎర్ర ఉన్ని టోపీ.

"అప్పా! అప్పా! ఇటు సూడు!"

ఇంజను కూత వేసింది. నా అరుపు దాంట్లో కలిసిపోయింది. బండితో పాటు నేనూ పరిగెత్తాను. దాని మెడ ఇటు తిరగలేదు. గేటు దగ్గర జనంలో ఒక్కొక్క ఆడమనిషినీ వెతుకుతోంది. ప్లాట్‌ఫారం అయిపోయింది. నేను ఆగిపోయాను. అది ఇంకా వెనక్కి గేటు వైపే చూస్తూ వెళ్లిపోయింది. ఒక్క క్షణం దాని చూపు నా మీంచి పోయింది, అంత మందిలో నేనెవరో దానికి తెలియలేదు.

ఇంటికి చేరేసరికి ఎంత రాత్రయిందో. అత్త మేలుకునే ఉంది.

"సూసినావేటే?"

"సూసినాను."

"ఎత్తుకున్నావా గుంటడిని?"

"నేదు."

"అది నిన్ను సూసినాదా?"

"నేదత్తా."

అత్త లేచి పొయ్యి దగ్గరకి వెళ్లింది. నా కంచంలో అన్నం పెట్టింది. నేను తిన్నాను. అంత ఆకలిలోనూ ఏం తిన్నానో గుర్తులేదు.

నెల తిరగకుండా బావ ఆవిడని విజయనగరం తీసుకెళ్లి కంటికి ఆపరేషను చేయించాడు. ఒక కన్ను బాగానే తేరుకుంది. ఆ తర్వాత ఏడాదికి నాకు ఆడపిల్ల పుట్టింది. అది గరుత్మంతుడి చలవో మరేమిటో, ఆ సంగతి అత్తనడిగితే ఒకలాగా, బావనడిగితే ఇంకోలాగా చెప్పేవారు. నాకు అడిగే తీరిక లేకపోయింది.

కానీ అప్ప సంగతి అలా తేలిపోలేదు. మళ్లీ అది వచ్చేసరికి ఆ గుంటడు తనంతట తను ఎత్తు గుమ్మం దాటేంత వాడయ్యాడు. మా అమ్మావాళ్లింట్లో కలిశాం. వచ్చీరాగానే అడిగింది.

"ఆ రోజు ఎందుకు రానేదే?"

"వచ్చినానప్పా."

"వస్తే అవుపడవేటి?"

"నువ్వు గేటేపు సూస్తన్నావు. నాను ఎనకేపునుంచి వచ్చినాను."

"ఎనకేపునుంచి ఎవులొస్తారే టేసనుకి, దొంగలా?"

మొత్తం చెప్పాను. మొక్కు, గద్ద, ఎండు చేపలు, అత్త కళ్లు, సోడాలు, చెరుకు లారీ. అది ముఖం ముడుచుకుని విన్నది. ఎండు చేపల దగ్గర నవ్వింది, అంతకంటే మెత్తబడలేదు.

"కతలు బాగ సెప్తావు సిన్నప్పట్నుంచీ."

"కత కాదే! గుంటడి నెత్తిన ఎర్ర టోపీ ఉన్నాదా నేదా?"

"శీతాకాలం రైల్లో ఏ గుంటడి నెత్తిన ఉండదే ఎర్ర టోపీ?"

ఇన్నేళ్లయింది. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఎప్పుడు కలిసినా ఏదో ఒక మాట మీద ఆ ఆదివారం దగ్గరకే వచ్చి ఆగుతాం. నేను వచ్చానంటాను, అది రాలేదంటుంది. మొన్న కూడా పప్పులో ఉప్పు ఎక్కువైందని మొదలైన మాట అక్కడికే చేరింది.

"పోనీలే, వచ్చినావనే అనుకుంటాను" అంది కంచం జరుపుకుంటూ.

"అనుకోడమేటి? వచ్చినాను."

"సరేలే."

ఆ 'సరేలే' వింటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.